ఓటుకు రాని పేర్లు

హెచ్-1బీ మీద అమెరికాలో పనిచేస్తూ గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవారి భార్యలు, భర్తలు కూడా ఉద్యోగం చేసుకోవచ్చంటూ 2015లో ఒబామా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. ఏళ్ల తరబడి ఆ వరసలో నిలబడ్డ తెలుగు కుటుంబాలకు అది రెండో జీతం. దాన్ని కొట్టేయమంటూ ‘సేవ్ జాబ్స్ యూఎస్ఏ’ అనే సంస్థ అదే ఏడాది కోర్టుకెక్కింది. హెచ్-4 ఈఏడీ అనే ఈ పని అనుమతి ఉంటుందా, ఊడుతుందా అన్న ప్రశ్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లపాటు నలిగింది. చివరికి 2023 మార్చిలో వాషింగ్టన్ డిస్ట్రిక్ట్ కోర్టు న్యాయమూర్తి తాన్యా చట్కన్ ఆ కేసును కొట్టేశారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు కూడా ఆమె తీర్పునే నిలబెట్టింది. ఒబామా నామినేట్ చేసిన ఈ న్యాయమూర్తిని 2014లో సెనేట్ 95-0 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీల్లోనూ ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. ఇప్పుడు డిస్ట్రిక్ట్ కోర్టు కుర్చీకి కూడా అలాంటి ఓటు అరుదైపోయింది. నలభై ఏళ్ల కిందట సుప్రీంకోర్టు న్యాయమూర్తికే 98-0 వేసిన సభ ఇది. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ వ్యాసం విషయం.

రాజ్యాంగం ఈ సంగతిని ఒక్క వాక్యంలో ముగించింది. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ సలహా, సమ్మతి ఇచ్చాక నియమిస్తాడు. ఎన్నాళ్లలో సమ్మతి చెప్పాలి, అసలు చెప్పి తీరాలా, చెప్పకపోతే ఏమవుతుంది? వీటికి అందులో జవాబు లేదు. న్యాయమూర్తికి వయసు, చదువు, అనుభవం ఎంతుండాలో కూడా లేదు. ఉన్నదల్లా పదవీకాలం గురించి: సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం, అంటే ఆచరణలో జీవితాంతం. సుప్రీంకోర్టులో 9 మంది, 13 అప్పీలు కోర్టుల్లో 179 మంది, 94 డిస్ట్రిక్టుల్లో 670 మందికి పైగా, అంతా కలిపి సుమారు 870 కుర్చీలు ఈ పద్ధతిలోనే నిండాలి. నాలుగేళ్లకు ఎన్నికైన అధ్యక్షుడు నలభై ఏళ్ల వయసువాడిని కూర్చోబెడితే ఆ నియామకం తర్వాత నలుగురైదుగురు అధ్యక్షుల కాలం దాటిపోతుంది. ఇంత విలువున్న కుర్చీ కోసం కొట్లాట జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక్కడ ఒక మాట. విజయవాడ నుంచి వెళ్లిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయినప్పుడు మన పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. అది రాష్ట్ర కోర్టు. ఆమెను నియమించింది గవర్నరు. సెనేట్ గొడవ ఆ దారిలో తగలదు. రాష్ట్ర కోర్టులకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పద్ధతి ఉంది, కొన్నిచోట్ల జడ్జీలు ఓట్లడిగి గెలుస్తారు కూడా. మనం మాట్లాడుకుంటున్నది ఫెడరల్ కోర్టుల గురించి మాత్రమే.

పూర్వం అంతా మర్యాదగా సాగేదని, ఇప్పుడే చెడిపోయిందని అమెరికన్ వ్యాసకర్తలు తరచూ నిట్టూరుస్తారు. చరిత్ర అలా చెప్పదు. ప్రధాన న్యాయమూర్తిగా జార్జి వాషింగ్టన్ ఎంచుకున్న జాన్ రట్లెడ్జ్‌ను 1795లోనే సెనేట్ 14-10తో తిప్పికొట్టింది. బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందాన్ని ఆయన ఒక సభలో తిట్టిపోశాడు, అదీ నేరం. 1801లో జాన్ ఆడమ్స్ దిగిపోతూ దిగిపోతూ 16 కొత్త సర్క్యూట్ జడ్జి పదవులు సృష్టించి తనవాళ్లతో నింపాడు. జెఫర్సన్ వర్గం మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని రద్దు చేసి పదవులనే ఎత్తేసింది. 1866లో ఆండ్రూ జాన్సన్‌కు సుప్రీంకోర్టు నియామకాలు దక్కకుండా కాంగ్రెస్ కుర్చీల సంఖ్యనే తగ్గించుకుంటూ పోయేలా చట్టం చేసింది. యూదు మతస్థుడైన లూయిస్ బ్రాండైస్ పేరు మీద 1916లో నాలుగు నెలలకు పైగా రచ్చ జరిగింది, చివరికి 47-22తో నెగ్గాడు. 1930లో జాన్ పార్కర్‌ను కార్మిక సంఘాలు, నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కలిసి 41-39తో ఓడించగలిగాయి. అంటే సెనేట్ ఎన్నడూ సాధు సభ కాదు. పాతకాలంలో గొడవ అప్పుడప్పుడు రేగి చల్లారేది. ఇప్పుడది ఆరడం లేదు.

ఆ మంట ఎక్కడ అంటుకుందంటే చాలామంది 1987ను, రాబర్ట్ బోర్క్‌ను చూపిస్తారు. 1968లో లిండన్ జాన్సన్ మనిషి ఏబ్ ఫోర్టాస్‌ను రిపబ్లికన్లు, దక్షిణాది డెమొక్రాట్లు కలిసి సుదీర్ఘ ప్రసంగాలతో అడ్డుకోవడం, దానికి బదులుగా అన్నట్టు నిక్సన్ పంపిన హేన్స్‌వర్త్, కార్స్‌వెల్ వరసగా ఓడిపోవడం అంతకుముందే జరిగాయి. అయినా బోర్క్ కథ వేరు. ఆయన తెలివితేటల మీద ఎవరికీ అనుమానం లేదు. యేల్‌లో పాఠాలు చెప్పాడు, అప్పటికే డీసీ అప్పీలు కోర్టులో జడ్జి. ఖాళీ అయిన కుర్చీ మాత్రం లూయిస్ పావెల్‌ది. కోర్టు రెండుగా చీలినప్పుడల్లా అటో ఇటో తేల్చిన ఓటు ఆయనది. రీగన్ పేరు ప్రకటించిన గంటలోపే సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ లేచి, ‘బోర్క్ అమెరికా’లో ఆడవాళ్లకు, నల్లజాతి వారికి ఏ గతి పడుతుందో భయంకరంగా వర్ణించాడు. అది అతిశయోక్తి అని కెనెడీ అభిమానులు కూడా ఒప్పుకుంటారు.

బోర్క్‌ను ముంచినది ఆ ప్రసంగం ఒక్కటే కాదు. కమిటీ ముందు ఆయన అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. గర్భనిరోధక సాధనాల వాడకాన్ని వ్యక్తిగత గోప్యత కింద కాపాడిన పాత తీర్పు తర్కం తప్పన్నాడు. 1963లో హోటళ్లు, దుకాణాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టాన్ని వ్యతిరేకిస్తూ తాను రాసిన వ్యాసం గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు కమిటీ అధ్యక్షుడు జో బైడెన్. 58-42తో నామినేషన్ ఓడిపోయింది. ఆరుగురు రిపబ్లికన్లు కూడా ఎదురు ఓటేశారు. ఆ గొడవలో ఒక వాషింగ్టన్ వారపత్రిక బోర్క్ కుటుంబం వీడియో షాపులో అద్దెకు తెచ్చుకున్న సినిమాల జాబితా సంపాదించి అచ్చేసింది. అందులో గుట్టు ఏమీ లేదు, మామూలు సినిమాలే. కానీ రేపు తమ జాబితా బయటపడితే ఏమిటని హడలిపోయిన కాంగ్రెస్ మరుసటి ఏడాదే వీడియో అద్దెల గోప్యతకు చట్టం చేసేసింది. గోప్యత హక్కు రాజ్యాంగంలో ఎక్కడుందని అడిగిన మనిషి పుణ్యమా అని గోప్యతకు ఒక చట్టం వచ్చింది!

తర్వాత వచ్చిన నామినీలంతా బోర్క్ నుంచి ఒకే పాఠం నేర్చుకున్నారు: నోరు విప్పకూడదు. ఆ కేసు నా ముందుకు రావచ్చు కాబట్టి వ్యాఖ్యానించను, పూర్వ తీర్పుల మీద గౌరవముంది. గంటల తరబడి ఇవే జవాబులు. విచారణ టీవీలో వస్తుంది, దేశమంతా చూస్తుంది, తెలిసేది శూన్యం. నామినీలు నోరు కట్టుకున్నాక పార్టీలు ముందుగానే గుండె లోపల ఏముందో తెలిసినవాళ్లను వెతకడం మొదలుపెట్టాయి. 1982లో పుట్టిన ఫెడరలిస్ట్ సొసైటీ రిపబ్లికన్ అధ్యక్షులకు ఆ పని చేసిపెట్టే వేదికగా ఎదిగింది. 1990లో సీనియర్ బుష్ వేసిన డేవిడ్ సూటర్ ఉదారవాదుల వైపు జరిగిపోవడంతో ‘మళ్లీ సూటర్ వద్దు’ అన్నది ఆ శిబిరంలో నినాదమైంది.

టీవీలో కనబడేది సుప్రీంకోర్టు గొడవే. 1991లో క్లారెన్స్ థామస్ మీద అనిటా హిల్ సాక్ష్యం, 52-48 ఓటు, 2018లో బ్రెట్ కావెనా మీద క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ సాక్ష్యం, 50-48 ఓటు. వీటి గురించి పుస్తకాలు, సినిమాలు వచ్చాయి, నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ సమస్య అసలు ముఖం కింది కోర్టుల్లో కనిపిస్తుంది. అక్కడ ఓడించడం అరుదు. పేరును ఓటుకు రానివ్వకపోవడమే పద్ధతి. క్లింటన్ 1996 జనవరిలో నామినేట్ చేసిన రిచర్డ్ పైజ్‌కు తొమ్మిదో సర్క్యూట్ కుర్చీ దక్కింది 2000 మార్చిలో. ఎలీనా కేగన్‌ను 1999లో డీసీ అప్పీలు కోర్టుకు పంపితే విచారణే జరగలేదు. తర్వాత ఆమె సుప్రీంకోర్టుకే చేరింది, అది వేరే సంగతి. 2001లో జూనియర్ బుష్ డీసీ అప్పీలు కోర్టుకు పంపిన మిగెల్ ఎస్ట్రాడాను డెమొక్రాట్లు ఫిలిబస్టర్‌తో నిలిపేశారు. చర్చ ముగించడానికి కావాల్సిన 60 ఓట్లు ఏడుసార్లూ రాలేదు, 2003లో ఆయనే విసిగి తప్పుకున్నాడు. ఎస్ట్రాడా హోండురాస్‌లో పుట్టి పైకొచ్చిన న్యాయవాది. డెమొక్రాట్ సిబ్బంది అంతర్గత నోట్లు తర్వాత బయటపడ్డాయి. ఆయన ప్రమాదకరమనడానికి లాటినో కావడం కూడా ఒక కారణమని ఒక నోట్‌లో ఉంది. రేపు సుప్రీంకోర్టుకు పంపితే ఆపడం కష్టమన్నది వాళ్ల భయం. ఆ నోట్లను రిపబ్లికన్ సిబ్బంది కమిటీ కంప్యూటర్లలోంచి దొంగచాటుగా తీశారన్నది ఇంకో భాగోతం. తిలా పాపం తలా పిడికెడు.

కింది కోర్టుల దగ్గర ఇంకో ఆయుధం ఉంది, అది ఒక కాగితం. బ్లూ స్లిప్ అంటారు. ఏ రాష్ట్రంలో ఖాళీ ఉందో ఆ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లకూ జ్యుడీషియరీ కమిటీ లేత నీలం రంగు ఫారం పంపుతుంది. ఒప్పుకుంటున్నారా, వ్యతిరేకిస్తున్నారా రాసి తిరిగి పంపాలి. వ్యతిరేకం అనక్కర్లేదు, సొరుగులో పడేసి ఊరుకున్నా చాలు. రాజ్యాంగంలో ఇది లేదు, సెనేట్ నిబంధనల పుస్తకంలోనూ లేదు. దాదాపు నూరేళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ, దాని బలమెంతో నిర్ణయించేది ఆయా కాలపు కమిటీ అధ్యక్షుడు. 1956 నుంచి 1978 దాకా ఆ పదవిలో ఉన్న మిసిసిపీ సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ ఒక్క స్లిప్పు రాకున్నా పేరు కదలనిచ్చేవాడు కాదు. పౌరహక్కులకు అనుకూలమైన జడ్జీలు దక్షిణాదికి రాకుండా కాపలా కాయడానికి అది పనికొచ్చింది. 2017లో ఎనిమిదో సర్క్యూట్‌కు నామినేట్ అయిన డేవిడ్ స్ట్రాస్ విషయంలో మినెసోటా సెనేటర్ అల్ ఫ్రాంకెన్ స్లిప్పు తిప్పి పంపకపోతే, కమిటీ అధ్యక్షుడు చార్ల్స్ గ్రాస్లీ పట్టించుకోకుండా విచారణ జరిపేశాడు. అప్పట్నుంచి అప్పీలు కోర్టులకు బ్లూ స్లిప్ చచ్చిపోయింది. డిస్ట్రిక్ట్ కోర్టులకు మాత్రం బతికే ఉంది. బైడెన్ కాలంలో డెమొక్రాట్ల కమిటీ అధ్యక్షుడు డిక్ డర్బిన్ దాన్ని వదలలేదు. మిసిసిపీకి బైడెన్ ఎంచుకున్న స్కాట్ కోలమ్‌ను ఆ రాష్ట్ర సెనేటర్ సిండీ హైడ్-స్మిత్ ఒక్కరే ఆపేశారు. 2025 వేసవిలో ట్రంప్ దాన్ని ఎత్తేయమని తన పార్టీ గ్రాస్లీ మీదే విరుచుకుపడినా ఆయన కదల్లేదు. సెనేటర్లు పార్టీని ధిక్కరించేది చాలా తక్కువ విషయాల్లో. తమ రాష్ట్రంలో తమ మాట చెల్లడం వాటిలో ఒకటి.

నా దృష్టిలో ఈ గొడవ లోగుట్టును అన్నిటికంటే బాగా విప్పేది 2013 సంవత్సరం. ఫెడరల్ ప్రభుత్వ శాఖల నిర్ణయాల మీద కేసులు ఎక్కువగా వెళ్లేది డీసీ అప్పీలు కోర్టుకు, అందుకే దానికి అంత గిరాకీ. ఆ ఏడాది మే నెలలో చండీగఢ్‌లో పుట్టిన తమిళ కుటుంబీకుడు శ్రీ శ్రీనివాసన్‌ను సెనేట్ ఆ కోర్టుకు 97-0తో పంపింది. దక్షిణాసియా మూలాలున్న తొలి ఫెడరల్ అప్పీలు జడ్జి ఆయనే. ఆయన చేరాక కోర్టులో రిపబ్లికన్ అధ్యక్షులు వేసినవారు నలుగురు, డెమొక్రాట్లు వేసినవారు నలుగురు. ఇంకా మూడు కుర్చీలు ఖాళీ. వాటికి ఒబామా కొద్ది రోజులకే పాట్రీషియా మిలెట్, కార్నీలియా పిల్లర్డ్, రాబర్ట్ విల్కిన్స్ పేర్లు పంపాడు. వీరిలో అనర్హులెవరూ లేరు. అయినా ముగ్గురినీ రిపబ్లికన్లు అడ్డుకున్నారు. ఆ కోర్టుకు పని తక్కువ, 11 కుర్చీలను 8కి తగ్గించేద్దామని గ్రాస్లీ బిల్లు కూడా తెచ్చాడు. 1866 కిటుకే మళ్లీ బయటికి వచ్చింది. ఎనిమిదో కుర్చీకి ఒక్క అభ్యంతరం లేదు, తొమ్మిదో కుర్చీకి యుద్ధం. జనం ముందు వాదన మనిషి అర్హత గురించి నడుస్తుంది. తెర వెనక లెక్క ఆ కుర్చీ నిండితే మొగ్గు ఎటు పోతుందన్నది.

ఆ నవంబరు 21న డెమొక్రాట్ నాయకుడు హ్యారీ రీడ్ ఓపిక నశించి, కింది కోర్టుల నామినేషన్లకు 60 ఓట్ల అడ్డు తీసేశాడు. న్యూక్లియర్ ఆప్షన్ అని పేరుపడ్డ ఈ ఎత్తు 52-48తో గట్టెక్కింది. 2005లో రిపబ్లికన్లు ఇదే పని చేయబోతే ఇరుపక్షాల నుంచి ఏడుగురేసి సెనేటర్లు కలిసి రాజీ చేశారు. 2013 నాటికి అలాంటి పద్నాలుగు మంది మిగల్లేదు. దీనికి మీరే విచారిస్తారు, మీరనుకున్నదానికంటే త్వరగా, అని మిచ్ మెకానెల్ అదే రోజు హెచ్చరించాడు. ఆ మాట నిజం చేయడానికి ఆయనే స్వయంగా పూనుకున్నాడు.

2016 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు జస్టిస్ స్కేలియా చనిపోయాడు. ఆ సాయంత్రమే, అప్పటికి సెనేట్‌లో మెజారిటీ నాయకుడైన మెకానెల్, ఖాళీని కొత్త అధ్యక్షుడే నింపాలని ప్రకటించాడు. 1992లో బైడెన్ ఒక ప్రసంగంలో అలాంటి మాటే అన్నాడని దానికి ‘బైడెన్ రూల్’ అని పేరు పెట్టారు. ఒబామా మధ్యేమార్గపు వ్యక్తిగా పేరున్న, 63 ఏళ్ల మెరిక్ గార్లాండ్‌ను నామినేట్ చేశాడు. 293 రోజులు గడిచాయి. విచారణ లేదు, ఓటు లేదు, చాలామంది సెనేటర్లు కలవడానికి కూడా ఒప్పుకోలేదు. తర్వాత ట్రంప్ పంపిన గోర్సచ్ కోసం సుప్రీంకోర్టుకూ 60 ఓట్ల అడ్డు తీసేశారు. 2020 సెప్టెంబరు 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ కన్నుమూస్తే, ఎన్నికల ఏడాది సూత్రం ఏమైందో తెలియదు, ఎనిమిది రోజుల్లో ఏమీ కోనీ బారెట్ పేరు వచ్చింది, అక్టోబరు 26న 52-48తో ఆమోదం కూడా అయిపోయింది. పోలింగుకు అప్పటికి ఎనిమిది రోజులే ఉంది.

రెండు పక్షాలూ ఒకటేనని చేతులు దులుపుకోవడం సులువు. నేను అలా అనలేను. బోర్క్‌కు విచారణ దక్కింది, సభలో ఓటు దక్కింది, ఓడిపోయాడు. గార్లాండ్‌కు ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వలేదు. ఓటు వేస్తే ప్రతి సెనేటరూ తన పేరు పక్కన అవునో కాదో నమోదు చేసుకుని జనానికి జవాబు చెప్పాలి. ఓటే లేకపోతే అడగడానికి మనిషి ఉండడు. అయితే కేగన్‌కు, గార్లాండ్‌కు జరిగింది ఒక జాతి పని, ఎస్ట్రాడాకు డెమొక్రాట్లు చేసింది దానికి చాలా దగ్గరి చుట్టం. వరస కలిపితే ఎవరింటి గడపా తప్పించుకోదు.

60 ఓట్ల అడ్డు పోవడంతో కొత్త సూత్రం స్థిరపడింది: అధ్యక్షుడు, సెనేట్ ఒకే పార్టీ అయితే వరద, వేరైతే కరువు. ట్రంప్ మొదటి నాలుగేళ్లలో 234 మంది, బైడెన్ నాలుగేళ్లలో 235 మంది నియమితులయ్యారు. రెండు అంకెలూ ఇంత దగ్గర పడటం యాదృచ్ఛికం కాదు, ఆ రెండు కాలాల్లోనూ సెనేట్ అధ్యక్షుడి పార్టీదే. 2019లో డిస్ట్రిక్ట్ జడ్జీల మీద చివరి చర్చ గడువును 30 గంటల నుంచి రెండు గంటలకు కుదించారు. ఇప్పుడు జడ్జీలు దిగిపోయేది కూడా క్యాలెండరు చూసుకునే. 2024 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక నాలుగో సర్క్యూట్ జడ్జి జేమ్స్ విన్ తన విరమణ ప్రకటనను వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడాది నవంబరులో సెనేట్ పార్టీల మధ్య ఒక బేరం కుదిరింది. డిస్ట్రిక్ట్ జడ్జీల ఓట్లకు రిపబ్లికన్లు అడ్డు తగలరు, బదులుగా నలుగురు అప్పీలు కోర్టు నామినీలను డెమొక్రాట్లు ఓటుకు తేరు. ఆ నలుగురిలో ఒకరు ఆదిల్ మంగీ. నెగ్గి ఉంటే ఫెడరల్ అప్పీలు కోర్టులో తొలి ముస్లిం జడ్జి అయ్యేవాడు. ఆయన్ను ఎవరూ ఓడించలేదు. ఎవరూ లెక్కపెట్టలేదంతే.

ఇంతకీ ఎవరు వేశారన్నదాన్ని బట్టి తీర్పు చెప్పేయవచ్చా? టెక్సస్‌లోని అమరిల్లోలో ట్రంప్ నియమించిన మాథ్యూ కాజ్మరిక్ ముందు కేసు వేస్తే చాలని గర్భస్రావ వ్యతిరేకులు అనుకున్నారు, 2023లో మిఫెప్రిస్టోన్ మాత్రకు ఇచ్చిన అనుమతిని ఆయన నిలిపేశాడు కూడా. సుప్రీంకోర్టు తర్వాత ఆ కేసును ఏకగ్రీవంగా కొట్టేసింది. మరోవైపు 2025 జనవరిలో పుట్టుకతో వచ్చే పౌరసత్వం మీద ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును మొదట అడ్డుకున్నది సియాటిల్ జడ్జి జాన్ కఫనార్. ఆ ఉత్తర్వు హెచ్-1బీ తల్లిదండ్రులకు పుట్టబోయే పిల్లలకూ వర్తించేది, కాబట్టి ఎన్నో తెలుగు ఇళ్లు ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాయి. కఫనార్‌ను వేసింది రీగన్, 1981లో. పార్టీ రంగు మనిషికి అంత గట్టిగా అంటదని చెప్పడానికి ఆయన ఉదాహరణ. అయితే అలాంటివారు ముందుగా ఏరివేతలో పోకుండా ఉండాలి కదా, ఇప్పటి వడపోత సరిగ్గా ఆ పనే చేస్తోంది.

మన దగ్గర కొలీజియం పేరుతో జడ్జీలను జడ్జీలే ఎంచుకుంటారు. ఆ పద్ధతిని మార్చబోయిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేస్తే, ఆ ఒక్క అసమ్మతి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌ది. మనకు సుప్రీంకోర్టులో 34 మంది, 65 ఏళ్లకు విరమణ, కేసులు చిన్న బెంచీల్లో నడుస్తాయి. ఒక్క ఖాళీతో దేశం గతి మారిపోదు, కాబట్టి అంత రచ్చా ఉండదు. కొలీజియం పంపిన పేర్ల మీద ప్రభుత్వం నెలల తరబడి బదులివ్వకుండా కూర్చోవడం మాత్రం మనకూ పరిచితమే. కాదన్న మాట ఫైలు మీద పడదు, ఫైలు కదలదు.

సుప్రీంకోర్టు జడ్జీలకు 18 ఏళ్ల పదవీకాలం పెడదామన్న ప్రతిపాదనను 2024లో బైడెన్ కూడా సమర్థించాడు. దానివల్ల ఒక్కో కుర్చీ విలువ తగ్గవచ్చు. కింది కోర్టుల మాటేమిటి? నామినేషన్ అందిన ఇన్ని రోజుల్లో అవునో కాదో ఓటు వేసి తీరాలని సెనేట్ తనకు తాను ఒక నియమం పెట్టుకుంటే అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం. అలాంటి నియమాన్ని ఏ మెజారిటీ పెట్టుకుంటుందన్నది మాత్రం అడగకండి. 2024లో జరిగిన జడ్జీల బిల్లు కథ చూస్తే ఆ ఆశ కూడా ఉండదు.

డిస్ట్రిక్ట్ కోర్టులకు సమగ్రంగా కుర్చీలు పెంచింది 1990లో. ఆ తర్వాత టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో జనాభా, కేసులు ఎంత పెరిగాయో చెప్పనక్కర్లేదు. 66 కొత్త కుర్చీలను పదేళ్లలో విడతలుగా ఇచ్చే బిల్లును 2024 ఆగస్టులో సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. రాబోయే అధ్యక్షుడెవరో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ సమ్మతమైంది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ దాన్ని నవంబరు దాకా పక్కన పెట్టింది. ఓట్లు లెక్క తేలి, మొదటి విడత ట్రంప్‌కే వస్తుందని స్పష్టమయ్యాక పాస్ చేసింది. డిసెంబరు 23న బైడెన్ వీటో చేశాడు. బిల్లు అడిగిన డిస్ట్రిక్ట్ జడ్జీలే ఆ వీటోతో నిరాశపడ్డారు. 2025లో బిల్లు మళ్లీ వచ్చింది, నిన్న ఔనన్న డెమొక్రాట్లలో చాలామంది ఈసారి వెనకాడారు. సివిల్ కేసు వేసి మూడేళ్లు దాటినా విచారణకు నోచుకోని కక్షిదారులకు, కుర్చీ ఎవరు నింపితే ఏమిటి, ఎవరో ఒకరు నింపితే చాలు.